ఆరు వేలలో వెనక చక్రం: ఉప్పుగాలి ఊళ్లో ఎంటీబీ తొక్కేవాళ్ల కోసం

ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపికున్నవాళ్లు మిగతాది చదువుకోవచ్చు. మామూలు ధరలో కొన్న ఎంటీబీకి (మౌంటెన్ బైక్, లావు టైర్ల సైకిల్) వెనక చక్రం పాడైతే జత చక్రాల జోలికి పోకండి. వెనకది ఒక్కటే మార్చండి. అది కూడా ఫ్యాక్టరీలో కట్టి వచ్చింది కాకుండా హబ్బు (చక్రం మధ్యలోని గుండు), రిమ్ము, పుల్లలు (స్పోకులు) విడివిడిగా కొనుక్కుని, చేయి తిరిగిన మేస్త్రి దగ్గర కట్టించుకోండి. డబ్బు హబ్బు మీదా పుల్లల మీదా పెట్టండి. రిమ్ము తేలికా బరువా అన్న బెంగ మీకూ నాకూ అనవసరం. నాకు గేర్ల క్యాసెట్‌తో (వెనక పళ్ల చక్రాల గుత్తి) సహా 6,050 రూపాయలైంది. ఆ చక్రం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసేసింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

నేను విశాఖలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. సైకిల్ మావాడిది. ఉద్యోగం వచ్చి పుణె వెళ్తూ బాల్కనీలో వదిలేసి పోయాడు. 27.5 అంగుళాల చక్రాలు, ముందు సస్పెన్షన్ ఫోర్కు, ముందూ వెనకా డిస్కు బ్రేకులు, వెనక ఏడు గేర్లు. పదిహేను, ఇరవై వేల మధ్య షాపుల్లో వరసగా నిలబెట్టే సైకిళ్లన్నీ ఇంచుమించు ఇదే సరుకు, స్టిక్కర్లే వేరు. నా బరువు 78 కిలోలు. చక్రాల గురించి సలహా చెప్పేవాళ్లు బరువు దాచుకోకూడదు. ఎంవీపీ కాలనీ నుంచి అప్పూఘర్ దిగి, జోడుగుళ్లపాలెం మీదుగా రుషికొండ వరకు మామూలు రోజుల్లో. సెలవైతే భీమిలి. ఎండాడ వెనక మట్టిదారులంటే నాకిష్టం. కాళ్లలో సత్తా ఉన్న రోజున సింహాచలం ఘాట్.

ఈ దారుల్లో కొన్నాళ్లు తిరిగేసరికి వెనక చక్రం పుల్లలు తెగడం మొదలైంది. అన్నీ చైను వైపువే. అన్నీ హబ్బు కన్నం దగ్గర మోకాలిలా వంగిన చోటే. ఒకటి వేయిస్తే పక్కది తెగేది. ఆ తర్వాత చక్రం తిరుగుతుంటే గేర్లన్నీ తాగినవాడిలా ఊగడం కనిపించింది. విప్పి చూస్తే యాక్సిల్ (ఇరుసు) వంగి ఉంది.

ఈ రెండు జబ్బులకీ మూలం తెలిస్తే ఏం కొనాలో సగం తెలిసిపోతుంది. పుల్ల బరువుకి తెగదు, అలుపుకి తెగుతుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు ప్రతి పుల్లా నేల వైపుకి వచ్చినప్పుడు కాస్త వదులై, పైకి పోగానే మళ్లీ బిగుస్తుంది. మొదట్లోనే గట్టిగా బిగించి ఉంటే ఈ తేడా దానికి లెక్కలోకి రాదు. మొదటే వదులుగా ఉన్న పుల్ల మాత్రం నేల దగ్గర పూర్తిగా డీలా పడి, పైకి పోగానే ఒక్క గుంజు గుంజుకుంటుంది. లక్షల సార్లు అలా అయితే వంపు దగ్గర పగులు పుడుతుంది. చౌక సైకిళ్ల చక్రాలు మిషను మీద గబగబా కట్టి పంపేస్తారు కాబట్టి చూడ్డానికి వంకర ఉండదు, బిగింపు మాత్రం పుల్లపుల్లకీ తేడా. "గట్టిగా బిగిస్తే తెగిపోతాయండీ" అని పంక్చర్ షాపుల్లో చెప్పే మాట పట్టుకుని అందరం వదులుగా ఉంచేసుకుంటాం. జరిగేది దానికి తలకిందులు.

యాక్సిల్ సంగతి వేరు. ఏడు గేర్ల చౌక సైకిళ్లకి ఉండేది ఫ్రీవీల్. అంటే హబ్బుకి మరలు ఉంటాయి, గేర్ల గుత్తి మొత్తం దాని మీద తిప్పి బిగిస్తారు. అప్పుడు కుడివైపు బేరింగు గేర్లకి లోపలి పక్కన ఉండిపోతుంది. అక్కణ్ణుంచి ఫ్రేము దాకా యాక్సిల్‌కి ఏ ఆధారమూ లేదు. వెనక చక్రం కుడివైపు పడే బరువంతా ఆ ఒంటరి ముక్క మోయాలి. గుంతలో ఎగిరి పడితే వంగక ఏం చేస్తుంది? సైకిల్ భాగాలు చేసే షిమానో కంపెనీ వాళ్లు 1978లోనే ఫ్రీహబ్ తెచ్చి, ఆ బేరింగుని గేర్ల కిందుగా ఫ్రేము అంచు దగ్గరికి జరిపేశారు. ఇన్నేళ్లయినా మన దగ్గర చౌక సైకిళ్లలో ఫ్రీవీలే నడుస్తోంది. ధర తక్కువ, అంతే కారణం.

కాబట్టి పాత రకం చక్రమే కొత్తది ఒకటి, రెండు వేలలోపు తెచ్చి వేసుకుంటే ఇదే కథ మళ్లీ మొదటినుంచి. షాపులో ముందుగా చూపించేది మాత్రం దాన్నే.

ఇక ఆన్‌లైన్లో దొరికే జత చక్రాలు. పది, పదిహేను వేల మధ్య చాలా ఉన్నాయి. సీల్డ్ బేరింగులు (మూత వేసి ఒకే ముక్కగా వచ్చేవి), నల్లగా నిగనిగలాడే రిమ్ములు, ఫొటోలు చూస్తే నోరూరుతుంది. వాటిలో మంచివి లేవనను. కానీ ఆ పేజీల్లో నాకు కావలసిన నాలుగు కొలతల్లో రెండు రాసి ఉండవు. ఒక అమ్మకందారుకి మెసేజ్ పెట్టి వెనక హబ్బు వెడల్పు ఎంత అని అడిగితే "ఆల్ ఎంటీబీ సూటబుల్ మేడమ్" అని జవాబు. ప్రపంచంలో అలాంటి చక్రం లేదు. రెండో బెడద, వాటిలో చాలావాటికి పుల్లలు వంపు లేకుండా నిటారుగా హబ్బులో దిగే రకం. తెగితే ఆ పొడుగు పుల్ల నాకు విశాఖలో దొరకదు. వంపు పుల్ల ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది.

ఆ నాలుగు కొలతల విషయం కాస్త నిదానంగా చెబుతాను. ఆన్‌లైన్లో కొన్నా, నాలాగా కట్టించుకున్నా తప్పనివి ఇవే.

మొదటిది రిమ్ము కొలత. 27.5, 29 అంటూ అంగుళాల్లో చెప్పేది టైరుతో కలిపి సుమారు లెక్క. అసలు కొలత టైరు పక్కన చిన్న అక్షరాల్లో మిల్లీమీటర్లలో ఉంటుంది: పాత 26కి 559, 27.5కి 584, 29కి 622. మీ టైరు మీద 584 అని ఉంటే రిమ్ము మీదా 584 ఉండాలి. 29 ఇంచీల ఎంటీబీ, రోడ్డు సైకిళ్ల 700సీ రెండూ 622యే కాబట్టి అక్కడ వెడల్పు కూడా చూసుకోవాలి, లేకపోతే సన్న రిమ్ము మీద లావు టైరు కూర్చుంటుంది. 2.1 నుంచి 2.3 టైరుకి లోపలి వెడల్పు 21 నుంచి 25 మిల్లీమీటర్లుంటే నిశ్చింత.

రెండోది ఫ్రేములో హబ్బు కూర్చునే ఖాళీ. చక్రం విప్పి, రెండు చెవుల మధ్య లోపలి దూరం స్కేలుతో కొలవండి. నాది 135 మిల్లీమీటర్లు, క్విక్ రిలీజ్ (పిడి తిప్పితే చక్రం ఊడొచ్చే రకం). కాస్త ఖరీదు సైకిళ్లలో 12 మిల్లీమీటర్ల లావు యాక్సిల్ దూరిపోయే రకం 142 లేదా 148 ఉంటుంది. ఈ 148నే బూస్ట్ అంటారు. మధ్యలో 141 క్విక్ రిలీజ్ అనే తలనొప్పి ఒకటుంది. 135 హబ్బు తెచ్చి అందులో పెట్టి బిగిస్తే ఫ్రేము నొక్కుకుపోతుంది. ముందు చక్రానికి 100 క్విక్ రిలీజ్, లేదా 15 మిల్లీమీటర్ల యాక్సిల్‌తో 100 లేదా 110.

మూడోది డిస్కు బిగించే తీరు. ఆరు స్క్రూలుంటే సిక్స్ బోల్టు. మధ్యలో పళ్లున్న రింగుతో ఉంటే సెంటర్‌లాక్. సెంటర్‌లాక్ హబ్బు మీద ఆరు స్క్రూల డిస్కు పెట్టడానికి అడాప్టర్ దొరుకుతుంది, తలకిందులుగా మాత్రం కుదరదు.

నాలుగోది గేర్లు. ఏడు నుంచి పదకొండు గేర్ల దాకా చాలావాటికి షిమానో హెచ్‌జీ రకం ఫ్రీహబ్ సరిపోతుంది. పన్నెండు గేర్లుండి చిన్న చక్రం పది పళ్లతో మొదలైతే షిమానో గేర్లకి మైక్రోస్ప్లైన్, ఇంకో కంపెనీ స్రామ్ గేర్లకి ఎక్స్‌డీ రకం ఫ్రీహబ్. నాలాంటి ఏడు గేర్లవాళ్లకి ఒక శుభవార్త: ఏడు గేర్ల క్యాసెట్‌ని ఎనిమిది, తొమ్మిది గేర్ల ఫ్రీహబ్ మీద వెనకాల 4.5 మిల్లీమీటర్ల స్పేసరు ఒకటి పెట్టి హాయిగా ఎక్కించుకోవచ్చు. షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేర్ల మీట) మార్చనక్కర్లేదు, డిరెయిలర్ (చైనుని గేరు నుంచి గేరుకి జరిపే భాగం) మార్చనక్కర్లేదు. నలభై రూపాయల ఆ రింగే నాకు వేలల్లో ఖర్చు తప్పించింది. ఈ ముక్క నాకు ఏ షాపువాళ్లూ చెప్పలేదు. ఎనిమిది గేర్ల సెట్టు మొత్తం మార్చాలనే అందరూ అన్నారు.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని హబ్బు దగ్గరికొచ్చాను. షిమానో ఎం475, వెనకది. 36 కన్నాలు, ఆరు స్క్రూల డిస్కు, 135 వెడల్పు, క్విక్ రిలీజ్ దాంతోపాటే వచ్చింది. 2,750 రూపాయలు. దీనికంటే తక్కువలో టీఎక్స్505 ఉంది గానీ అది సెంటర్‌లాక్, అడాప్టర్ ఖర్చు కలిపితే మిగిలేదేం లేదు. సీల్డ్ బేరింగు హబ్బులు అదే ధరకి దొరుకుతున్నా వద్దనుకోవడానికి కారణం ఉంది. ఎం475లో ఉన్నవి విడి గోళీలు, పక్కకి తొమ్మిది చొప్పున, పావు అంగుళంవి. గోళీలు, గ్రీజు, కోన్లు (గోళీల్ని ఆనించి పట్టే నట్లు), మూడూ ఏ సైకిల్ షాపులోనైనా దొరికేవే. పేరు లేని హబ్బులో సీల్డ్ బేరింగు అరిగితే దాన్ని ఊడగొట్టి కొత్తది దించే పనిముట్లు మా మేస్త్రి దగ్గర లేవు. మీ ఊళ్లో ఉంటే మీరు సీల్డ్‌కే వెళ్లండి, ఉప్పు నీళ్లకి అదే నయం.

రిమ్ము గురించి ఎక్కువ చెప్పను. డబుల్ వాల్ (లోపల రెండు గోడలున్న) అల్యూమినియం, 36 కన్నాలు, కన్నాలకి స్టీలు గూళ్లు, 1,200. సింగిల్ వాల్ మాత్రం వద్దు, పుల్లల్ని గట్టిగా బిగిస్తే అది ఓర్చుకోదు. వాల్వు కన్నం మోటార్ సైకిల్ ట్యూబుకి పట్టే 8.5 మిల్లీమీటర్లదే తీసుకున్నాను, పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవచ్చు కాబట్టి. ట్యూబ్‌లెస్ చేయించుకోమని మావాడు ఫోనులో ఒకటే పోరు. ఎండాడ కంపముళ్లకి అది మంచిదే. కానీ టేపు, వాల్వులు, టైరు, ఎండకి ఆరిపోతే మళ్లీ పోయాల్సిన సీలెంటు, ఇవన్నీ కలిపితే ఇంకో చక్రం ఖర్చు. వచ్చినప్పుడు వాడి డబ్బుతో చేయించుకోమన్నాను.

తేలిక రిమ్ముల గురించి మాత్రం ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. తిరిగే బరువు చాలా ముఖ్యమనీ, రిమ్ములో గ్రాము తగ్గితే సైకిల్ ఎగిరిపోతుందనీ సైకిల్ వీరులు చెబుతుంటారు. రిమ్ములో ఉన్న ద్రవ్యరాశి సైకిల్‌తో ముందుకీ పోతుంది, ఇరుసు చుట్టూ కూడా తిరుగుతుంది. రెండు గతిజశక్తులూ కలిపితే, వేగం అందుకునేటప్పుడు అది రెండింతల బరువుతో సమానం. అంతవరకు వాళ్ల మాట నిజమే. ఇప్పుడు రెండు, మూడు వేలు ఎక్కువ పెట్టి 200 గ్రాములు తగ్గించాననుకోండి, 400 గ్రాములు తగ్గినట్టు. నేనూ సైకిలూ కలిసి 93 కిలోలు. బయల్దేరే ముందు సీసాలో నీళ్లు సగం పారబోసినా అంతే తగ్గుతుంది. ఘాట్ రోడ్డులో ఒకే వేగంతో ఎక్కుతున్నప్పుడైతే ఆ రెండింతలు కూడా లేదు, 200 గ్రాములు 200 గ్రాములే. పోటీలకెళ్లే పిల్లలు నవ్వుకోవచ్చు. ఇది పోటీలకెళ్లనివాళ్ల కోసం రాస్తున్న లెక్క.

పుల్లల దగ్గర నేను మొండికేశాను. సముద్రం పక్కన ఉండేవాళ్లకి కిటికీ ఊచలు ఎలా పొలుసులు లేస్తాయో తెలుసు కదా. నా పాత చక్రం పుల్లలు జింకు పూత ఇనుపవి. మొదట తెల్లగా పొడి పట్టింది, తర్వాత గోధుమరంగు మచ్చలు, ఆ మచ్చల దగ్గర వేలితో రాస్తే గరుకు. అలుపుతో పుట్టే పగులుకి ఆ గరుకు చాలు. అందుకని స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలన్నాను, 14 గేజి అంటే 2 మిల్లీమీటర్లవి. మధ్యలో సన్నబడే డబుల్ బటెడ్ పుల్లలు ఇంకా మంచివి, సాగే గుణం ఎక్కువ. కానీ నాకు కావలసిన పొడుగులో ఇక్కడ దొరకలేదు. నిపిల్స్, అంటే పుల్లల్ని రిమ్ముకి బిగించే చిన్న నట్లు, ఇత్తడివి. అల్యూమినియంవి రంగురంగుల్లో వస్తాయి, తేలిక కూడా. కానీ స్టీలు పుల్లా అల్యూమినియం నిపిలూ ఉప్పు తేమలో పక్కపక్కన ఉంటే అల్యూమినియం తినేసుకుపోయి పట్టేస్తుంది. తర్వాత తిప్పబోతే అక్కడే విరుగుతుంది. నాలుగు పుల్లలు అదనంగా వేసుకుని 40 కొన్నాను, ఒక్కోటి 18 రూపాయలు, మొత్తం 720.

మేస్త్రిది పెదవాల్తేరు వైపు ఒక సందులో రేకుల షెడ్డు. బోర్డు లేదు. వెనక 40, ముందు 32 పుల్లలుండే పాతకాలం నల్ల సైకిళ్లకి చక్రాలు కట్టి కట్టి చేతులు కాయలు కాసిన మనిషి. ఎంటీబీలంటే ఆయనకి పెద్ద గౌరవం లేదు. నా సంచీలోంచి పుల్లలు తీసి పక్కనున్న అయస్కాంతం దగ్గర పెట్టాడు. కాస్త లాక్కుంది.

"సూడండమ్మా, అంటుకుంతంది. ఇది స్టీలు కాదు, ఇనపదే. మిమ్మల్ని మోసం సేసేరు."

"మేస్త్రిగారూ, పాత పుల్ల ఒకటి పెట్టి చూడండి."

పాతది ఠక్కున అతుక్కుని, లాగితే గానీ రాలేదు. కొత్తది చేయి వణికితే జారిపోయేంత. స్టెయిన్‌లెస్‌లో ఈ రకం మామూలుగా అయస్కాంతానికి లొంగదు. కానీ దాన్ని చల్లగా ఉన్నప్పుడే లాగి లాగి తీగ చేస్తారు. ఆ లాగుడులో లోపలి స్ఫటిక నిర్మాణం కొంత మారి, కాస్త అయస్కాంత గుణం వస్తుంది. వంచి తల కొట్టిన చోట ఇంకాస్త ఎక్కువ. ఇదంతా చెబితే ఆయన విన్నాడు, నమ్మాడో లేదో తెలీదు. రెండు పుల్లలూ మార్చి మార్చి పెట్టి చూసుకున్నాడు. మీరు కూడా కొనేటప్పుడు అయస్కాంతానికి అంటుకుంటుందా లేదా అని చూస్తే లాభం లేదు. ఎంత గట్టిగా అంటుకుంటుందో చూడండి.

తర్వాత ఆయన వాదన: "13 గేజి లావు పుల్లలు ఏసేద్దామమ్మా, జన్మలో తెగవు." ఈ మాట చాలా షాపుల్లో వింటారు. ఒప్పుకోకండి. హబ్బు కన్నం 14 గేజికి చేసింది, లావుది దూరదు, దూరినా వంపు దగ్గర సరిగ్గా కూర్చోదు. కూర్చోని వంపు ఊగుతూనే ఉంటుంది, ఊగేది తెగుతుంది.

పుల్లల పొడుగు మాత్రం నేనే లెక్క కట్టి తీసుకెళ్లాను. రిమ్ములో నిపిలు తల ఆనే చోటు నుంచి ఎదుటి చోటుకి వ్యాసం, హబ్బు అంచు కన్నాల వలయం వ్యాసం, హబ్బు మధ్య నుంచి ఆ అంచుకి దూరం, ఎన్ని పుల్లల్ని దాటించి అల్లుతారు అన్నది, ఇవి తెలిస్తే చాలు. మామూలు కొసైన్ సూత్రం. నెట్‌లో లెక్క కట్టిపెట్టేవి ఉన్నాయి గానీ రిమ్ము వ్యాసం మాత్రం మీ చేత్తో కొలవండి, రెండు పాత పుల్లల్ని ఎదురెదురు కన్నాల్లో పెట్టి లాగి. గేర్ల వైపు పుల్లలు డిస్కు వైపు వాటికంటే ఒకటి, రెండు మిల్లీమీటర్లు పొట్టి. ఈ తేడా పట్టించుకోకుండా ఒకే పొడుగువి వేసే మేస్త్రి అయితే లేచి వచ్చేయండి.

కట్టడం చూడ్డానికి అక్కడే బల్ల మీద కూర్చున్నాను. హబ్బుని ఒళ్లో పెట్టుకుని పుల్లలన్నీ ఒకదాని తర్వాత ఒకటి దూర్చేశాడు, ఒక్కసారి కూడా లెక్క పెట్టుకోలేదు. అల్లిక అయ్యాక చక్రాన్ని తలకిందులుగా బిగించిన పాత ఫోర్కులో ఎక్కించాడు. తిప్పుతూ సుద్దముక్కని రిమ్ముకి దగ్గరగా పట్టుకుంటే వంకరున్న చోట గీత పడుతుంది. గీత పడిన చోట ఒక వైపు పావు చుట్టు బిగింపు, రెండో వైపు పావు చుట్టు వదులు. మధ్యకి కూర్చుందా లేదా అని చూడ్డానికి చక్రం తీసి ఎడమ కుడి మార్చి మళ్లీ పెట్టాడు. సుద్దకి అదే దూరంలో ఉంటే సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. ఏ పరికరమూ లేదు. అంతా అయ్యాక చేతికి గుడ్డ చుట్టుకుని, పక్కపక్క పుల్లల్ని జతలుగా పట్టి గట్టిగా నొక్కుకుంటూ చుట్టూ వచ్చాడు. నొక్కినప్పుడల్లా టిక్కు టిక్కుమని చప్పుడు. మెలిపడ్డ పుల్లలు సర్దుకునే చప్పుడు అది. ఈ పని చేయని చక్రం నాలుగు రోజుల్లో వదులవుతుంది. చాలామంది చేయరు.

ఇక్కడ నా పిచ్చి కొంత ఉంది. ల్యాబ్‌లో సోనోమీటర్ మీద పిల్లల చేత ఏటా చేయించే ప్రయోగం ఇదే: తీగ పొడుగూ మందమూ మారకపోతే, దాని పౌనఃపున్యం బిగింపుకి వర్గమూలంగా పెరుగుతుంది. ఒక్కో వైపు పుల్లలన్నీ ఒకే పొడుగు, ఒకే మందం. అంటే ఒకే వైపు పుల్లల్ని వేలితో మీటితే ఒకే శ్రుతి రావాలి. శ్రుతిలో పదో వంతు తేడా ఉంటే బిగింపులో ఐదో వంతు తేడా. ఫోనులో వీణ, గిటార్ శ్రుతి చేసుకునే యాప్ తెరిచి ఒక్కొక్కటీ మీటాను. గేర్ల వైపు అన్నీ ఒక గొంతే. డిస్కు వైపు మాత్రం ఒకచోట నాలుగు పుల్లలు కిందికి పలికాయి. చక్రం వంకర లేదు, సుద్ద గీత లేదు, అయినా ఆ నాలుగూ వదులు. మేస్త్రికి చూపిస్తే ఏం మాట్లాడకుండా తనూ మీటి చూశాడు. తర్వాత ఆ నాలుగింటినీ వాటి ఎదుటి వైపు పుల్లలతో కలిపి సర్దాడు. రెండు వైపుల్నీ ఒకదానితో ఒకటి పోల్చకండి, గేర్ల వైపు ఎప్పుడూ ఎక్కువ బిగువే ఉంటుంది. అక్కడ 100 నుంచి 120 కిలోల బలం మామూలు. దాన్ని కొలిచే మీటర్లు పార్క్ టూల్ లాంటి కంపెనీలవి ఉన్నాయి గానీ ఒక్క చక్రం కోసం కొనే వస్తువు కాదది. ఫోను చాలు.

కూలి 500 అడిగాడు. అరపూట పనికి, ఆ చేతికి ఇది తక్కువ. మొత్తం బిల్లు: హబ్బు 2,750, రిమ్ము 1,200, పుల్లలు 720, కూలి 500, రిమ్ము టేపు 50, క్యాసెట్ 790, స్పేసరు 40. టేపు గుడ్డది వేయించుకోండి, రబ్బరుది డబుల్ వాల్ రిమ్ము కన్నాల మీద జరిగిపోయి ట్యూబుని కొరుకుతుంది.

చక్రం ఎక్కించగానే అన్నీ వాటంతటవే కుదరవు. డిస్కు పాత చోటికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ వస్తుంది, బ్రేకు క్యాలిపర్ రెండు స్క్రూలు వదులు చేసి మళ్లీ సర్దాలి. డిరెయిలర్ హద్దు స్క్రూలు కూడా. ఇవి చేయకపోతే చైను పుల్లల్లోకి దూకి కొత్త చక్రాన్ని మొదటి రోజే కోసేస్తుంది. పాత చైను బాగా సాగిపోయి ఉంటే కొత్త క్యాసెట్ మీద జారుతుంది, అప్పుడు చైను కూడా కొత్తదే.

తొక్కడంలో తేడా? నిజాయితీగా చెప్పాలంటే చక్రం వల్ల వేగం ఏం పెరగలేదు. గేర్లలో తేడా తెలిసింది. పాత ఫ్రీవీల్ 14 నుంచి 28 పళ్లు, ఈ క్యాసెట్ 12 నుంచి 32. సింహాచలం ఘాట్‌లో మలుపుల దగ్గర దిగి నడిచే అలవాటు పోయింది. మట్టిదారిలో వెనక చక్రం కిర్రుకిర్రుమనడం ఆగిపోయింది. పుల్ల ఒక్కటీ తెగలేదు. మొదటి కొన్ని రోజుల తర్వాత మళ్లీ మేస్త్రి దగ్గర పెట్టి సర్దించాను, ఆ తర్వాత కీ పెట్టే పని రాలేదు. బీచ్ రోడ్డు మీద వానాకాలం మొత్తం తిరిగినా పుల్లల మీద మచ్చ లేదు. చైను మాత్రం తుప్పే, దానికి ఏ చక్రమూ మందు కాదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. విడి గోళీల హబ్బు ఏదైనా వానాకాలం అయ్యాక ఒకసారి విప్పి గ్రీజు మార్చుకోవాల్సిందే, లేకపోతే కోన్లు గుంతలు పడతాయి. దానికి 13, 15, 17 సైజుల సన్నటి కోన్ స్పానర్లు కావాలి, మామూలువి దూరవు. కోను బిగించేటప్పుడు వేళ్లతో యాక్సిల్ తిప్పితే గరగర లేకుండా, ఊపితే కదలిక లేకుండా ఉండాలి. క్విక్ రిలీజ్ నొక్కగానే ఇంకాస్త బిగుస్తుంది కాబట్టి వెంట్రుకవాసి వదులు ఉంచాలి. తొక్కడం ఆపి మళ్లీ తొక్కితే గేరు పట్టుకోవడానికి క్షణం ఆలస్యం, రాళ్ల మీద నెమ్మదిగా ఎక్కేటప్పుడు అది తెలుస్తుంది. చప్పుడు అసలు లేదు, అందువల్ల పొద్దున్నే నడిచేవాళ్ల వెనక గంట కొట్టుకుంటూ పోవాలి. క్విక్ రిలీజ్ ఎవరైనా చిటికెలో విప్పేయొచ్చు. రైతుబజారు బయట సైకిల్ నిలబెడితే ఇప్పుడు గొలుసు చక్రంలోంచి కూడా తిప్పి తాళం వేస్తున్నాను.

అన్నీ కలిపి ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కూ డబుల్ బటెడ్ పుల్లలు దొరకనందుకు తీసేశాను, మేస్త్రి పనికి కాదు.

సెకండ్ హ్యాండ్ చూస్తామనేవాళ్లకి ఒక మాట: ఖరీదు సైకిళ్లు కొని వెంటనే చక్రాలు మార్చేసేవాళ్లు పాత జత సగం ధరకి అమ్మేస్తుంటారు. హబ్బు వెడల్పు మీకు సరిపోతే అంతకంటే మంచి బేరం లేదు. వెళ్లేటప్పుడు ఫోనులో ఆ శ్రుతి యాప్ పెట్టుకుని వెళ్లండి, ఒక పుల్లా ఒక పుల్లా మీటండి, నిపిల్స్ చుట్టూ రిమ్ము మీద వెంట్రుక పగుళ్లున్నాయేమో ఫోను లైటు వేసి చూడండి. పగులుంటే ఊరికే ఇచ్చినా వద్దు.

ముందు చక్రం నాకింకా కంపెనీదే. దానికి గేర్లు లేవు, మీద పడే బరువూ తక్కువ. పుల్లలు ఒకసారి సమంగా బిగించి వదిలేశాం. మేస్త్రి దగ్గరికి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, బడి వదిలాక పిల్లల పంక్చర్లతో ఆయనకి ఊపిరాడదు. మంగళవారం షెడ్డు తీయడు. పాత చక్రం పారేయకుండా వెంట తీసుకెళ్లండి, రిమ్ము బాగుంటే దానికే కొత్త హబ్బు వేసి కట్టేస్తాడు, 1,200 మిగులుతాయి.